మర్యాద తప్పని బల్ల

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పుకోవడం మంచిది. ఆ తరువాత చెప్పేదంతా సాక్ష్యం.

అన్యాయం జరిగింది వినిఫ్రెడ్ డన్‌లీవీ అనే డెబ్బై నాలుగేళ్ళ వృద్ధురాలికి. లాస్ ఏంజిలస్ పక్కనున్న గార్డెనా పట్టణంలో, మేరీగోల్డ్ క్లబ్బులో, గోడవారన ఉన్న పేకాట బల్ల దగ్గర. ఆమెను ఎవరూ మోసగించలేదు. ముక్కల మీద గోటితో గుర్తులు పెట్టలేదు. ఆమె చేతిసంచి జోలికి పోలేదు. ఒక్క పరుషమైన మాట అనలేదు. ఆ అన్యాయం సాంతం మర్యాదతోనే జరిగింది. ఆ మర్యాదను ఆ బల్లకు నేర్పింది కూడా ఆవిడే.

వినిఫ్రెడ్ చిన్నతనంలో సెయింట్ లూయిస్‌లో సన్యాసినుల బడిలో చదువుకున్నది. వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చోవడం, చెప్పవలసిన మాటను ఒక్కసారే స్పష్టంగా చెప్పడం, తప్పు చేసినవాడి పేరు బయటపెట్టడానికి జంకకపోవడం అక్కడ అబ్బిన గుణాలు. పెద్దయ్యాక లాస్ ఏంజిలస్ న్యాయస్థానంలో వాంగ్మూలాలు రాసే ఉద్యోగం చేసింది. భర్త ఎమ్మెట్ పోయిన తరువాత మధ్యాహ్నాలు గడవక మేరీగోల్డ్ మెట్లెక్కింది. ఆ మెట్లు మళ్ళీ దిగనే లేదనాలి. ఆ బడి వాసన పట్టి అక్కడివాళ్ళు ఆవిడకు మదర్ సుపీరియర్, అంటే సన్యాసినుల పెద్ద, అని పేరు పెట్టారు.

అక్కడి ఆట చూడటానికి తేలిక. తలకు ఐదు ముక్కలు పంచుతారు. చేతిలో జాకీల జత గానీ అంతకు పైది గానీ ఉన్నవాళ్ళు పందెం మొదలుపెడతారు. తరువాత ఎవరికి అక్కర్లేని ముక్కలు వాళ్ళు పారేసి కొత్తవి తీసుకుంటారు. మళ్ళీ పందెం. చివరికి నిలబడినవాళ్ళు ముక్కలు పరుస్తారు. ఎవరు ఎన్ని ముక్కలు మార్చుకున్నారో గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది కిటుకంతా. మూడు మార్చుకున్నవాడి దగ్గర ఉన్నది ఒక్క జత. ఒకటి మార్చుకున్నవాడు దేనికో కాచుకుని ఉన్నాడు. ఏమీ మార్చుకోనివాడి దగ్గర అన్నీ ఉన్నాయి, లేదా నిండు బుకాయింపు ఉంది. వినిఫ్రెడ్‌కు ఒకప్పుడు ఈ లెక్క జపమాల పూసల్లా వేళ్ళ మీద ఆడేది.

అయితే నిలకడగా ఆడేవాళ్ళే బల్ల చుట్టూ చేరితే సొమ్ము ఒక కుర్చీ నుంచి ఇంకొక కుర్చీకి తిరుగుతుందే కానీ ఎవరికీ మిగలదు. క్లబ్బుకు కట్టే బల్ల అద్దె మాత్రం ప్రతి అరగంటకూ పోతూనే ఉంటుంది. అందుకే ఎనిమిదో కుర్చీలోకి రాబోయే మనిషి కోసం మిగిలిన ఏడుగురూ కళ్ళు కాయలు కాచేలా చూస్తారు. ఆ మనిషికి వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు బకరా. బకరా వచ్చాడంటే అతని ఎడమ పక్క కుర్చీ కోసం తోపులాట. పందెం ఎడమవైపుకు తిరుగుతుంది కదా, అతనేం చేశాడో చూసి మరీ తన పని చూసుకోవచ్చు. బకరా లేచాడంటే అతను తలుపు దాటకముందే ఏడు కుర్చీలు ఖాళీ.

ఈ పద్ధతి వినిఫ్రెడ్‌కు రోతపుట్టించింది. ఒకనాడు లాంగ్ బీచ్ నుంచి వచ్చే పళ్ళ వైద్యుడొకడు ఓడి లేచాడు. అతను కోటు తొడుక్కుంటూండగానే రూలన్ కెస్లర్ తన పందెం బిళ్ళలు జేబులో పోసుకుని నిలబడ్డాడు. రూలన్ విమానాల కర్మాగారంలో పనిచేసి మానేసినవాడు, పేకాటే జీవనాధారం.

"ఆయనింకా గుమ్మం దాటలేదు రూలన్. కూర్చో."

"ఆయన పోయాక ఇక్కడేముంది, మదర్ సుపీరియర్? మీ మొహం చూస్తూ కూర్చోనా?"

"నా మొహమే చూడు. పంపకం ఒక్క చుట్టు తిరిగేదాకా చూడు. తర్వాత నీ ఇష్టం. ఇది పేకాట బల్లా, కసాయి కొట్టా?"

బల్లంతా నవ్వింది. రూలన్ గొణుక్కుంటూనే కూర్చున్నాడు. ఆనాటి నుంచి అది ఆ బల్లకు శాసనమైంది. బలహీనుడు లేచినా పంపకం ఒక చుట్టు పూర్తి కావాలి. అతని పొరపాటును ఎవరూ వేలెత్తి చూపకూడదు, పాఠం చెప్పకూడదు, నవ్వకూడదు. ఓడి వెళ్ళేవాడు కనీసం తల ఎత్తుకుని వెళ్ళాలని ఆవిడ ఉద్దేశం. అది దయ అనుకున్నది. తలవంపులు లేని చోటికి ఓడినవాడు మళ్ళీ మళ్ళీ వస్తాడన్న సంగతి రూలన్‌కు రెండు వారాల్లో బోధపడింది. ఆవిడకు బోధపడటానికి ఏళ్ళు పట్టింది.

బోధపడిన సందర్భం టోష్ ఇనబా. వెర్మాంట్ వీధి చివర చామంతుల తోట పెంచే ఇనబాల పెద్దకొడుకు. పూలమొక్కలకు కొత్త అద్దాల పందిరి వేయడానికి తండ్రి దాచిన సొమ్ము బల్ల మీద పెట్టి నెలల తరబడి పోగొట్టుకున్నాడు. అంత మర్యాదగా చూసేవాళ్ళు ఆ ఊళ్ళో అతనికి ఇంకెక్కడా దొరకలేదు. ఒకరోజు చెల్లెలి పెళ్ళి శుభలేఖలు తెచ్చి ఏడుగురికీ పేరుపేరునా పంచాడు. "మీరంతా ముందు వరసలో కూర్చోవాలి" అన్నాడు. అందరూ తీసుకున్నారు, దీవించారు, ముక్కలు పంచారు.

ఆ సాయంత్రం వినిఫ్రెడ్ బస్టాపులో అతన్ని ఆపింది. "నువ్వు బకరావి టోష్. ఆ బల్ల మీద నీకు స్నేహితులు లేరు, నాతో సహా" అన్నది. అతను ఏడ్చాడు. తరువాత కోపం తెచ్చుకున్నాడు. తరువాత రావడం మానేశాడు. బకరాకు నిజం చెప్పినందుకు బల్ల ఆవిడను వెలివేసింది. క్లబ్బువాళ్ళు ఆ వేసవి అంతా గుమ్మం తొక్కనివ్వలేదు. ఆవిడ తిరిగివచ్చాక అలాంటి సాహసం ఇంకొకరి కోసం చేయలేదు.

టోష్ కొన్నేళ్ళకు ఆట నేర్చుకుని మరీ వచ్చాడు. ఇప్పుడు క్లబ్బు జీతగాడు. ఏ బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూర్చుని ఆట ఆగిపోకుండా చూడటం అతని పని. ఆడేది సొంత డబ్బుతోనే. జీతం మాత్రం క్లబ్బుది, క్లబ్బు పెట్టిన షరతు ఒక్కటే. కూర్చున్నవాళ్ళు లేచిపోయేలా ఒక్క మాట అనకూడదు. వెలి సంగతి అతనికి ఎవరో తరువాత చెప్పారు. "మీకు బాకీ ఉన్నాను మిసెస్ డన్‌లీవీ" అన్నాడొకసారి. "అలాంటి బాకీలు ఊరికే గుర్తుచేయకూడదు, తీర్చాలి" అని ఆవిడ ముక్కలు అందుకున్నది.

బస్టాపు సంగతి పదిహేనేళ్ళనాటి మాట. ఇక 1978వ సంవత్సరం అక్టోబరులో జరిగినది.

ఆ ఏడాది బల్ల మీద ఏదో మారింది. ఎప్పుడు మారిందో వినిఫ్రెడ్ గమనించలేదు. ఇదివరకు ఆవిడ ఒక మంచి ఆట ఓడితే బల్లంతా కేరింతలు. "మదర్ సుపీరియర్‌కి ఇవాళ పూజ కుదర్లేదు!" "పాపపు సొమ్ము పోయిందిలెండి, పుణ్యం మిగిలింది!" అని రూలన్ ఏడిపించేవాడు. ఇప్పుడా కేరింతలు లేవు. మదర్ సుపీరియర్ అన్న పిలుపూ వినపడదు. అందరికీ ఆవిడ విన్నీ అయింది, విన్నీ బంగారం అయింది. కుర్చీ తుడిచి పెడుతున్నారు. బస్సు దిగి రావడం కాస్త ఆలస్యమైతే "నువ్వు లేకుండా ఆట మొదలుపెట్టబుద్ధి కాలేదు" అంటున్నారు. వయసుకు ఇచ్చే గౌరవం కాబోలు అనుకుని ఆవిడ దాన్ని స్వీకరించింది. స్వీకరిస్తూనే, బల్ల మీద పోయింది పూడ్చుకోవడానికి కారు అమ్మేసింది. నడక ఆరోగ్యానికి మంచిదని అందరితోనూ చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చేతిలో నాలుగు డైమన్లు పడ్డాయి. ఒక ముక్క మార్చుకున్నది. వచ్చినది ఎర్రగా మెరిసింది. గుండె నెమ్మదించే వరకు ఆగి పందెం కట్టింది. రూలన్ పెంచాడు. ఆవిడ ఇంకా పెంచింది. అతను ఒప్పుకుని రెండు జతలు చూపించాడు. ఐదూ ఒకే జాతి ముక్కలైతే వాటి ముందు రెండు జతలు దిగదుడుపే.

"ఐదూ డైమన్లే" అంటూ ఆవిడ తన ముక్కలు పరిచింది.

వాటిలో నాలుగు డైమన్లు. ఐదోది ఆటీను తొమ్మిది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కుడి పక్కన కూర్చునే డెల్ఫీన్ రోర్క్, బీమా ఏజెంటు గారి విధవరాలు, ఆవిడ ముంజేతి మీద మెత్తగా చెయ్యి వేసింది. "ఈ దిక్కుమాలిన దీపాలే అంత విన్నీ బంగారం. నాకూ అలాగే కనిపిస్తాయి."

"ఎంత బాగా ఆడావు విన్నీ!" అన్నాడు రూలన్. "ఇంకొకళ్ళయితే భయపడి పారేసేవాళ్ళు." బిళ్ళలు చప్పుడు కాకుండా రెండు చేతులా దగ్గరకు తీసుకున్నాడు.

వినిఫ్రెడ్ ఆ ఆటీను వంక కాసేపు చూసింది. అది నిజంగానే ఆటీను. నిజంగానే దీపాలు మసకగా ఉన్నాయేమోనని తల ఎత్తి చూసింది. ఎడమ పక్కన కూర్చున్న టోష్ తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఓడిన వెంటనే ఆ మాట ఎత్తకపోయినా పోయేదే. కానీ ఆవిడ ఉదయం నుంచి దాన్ని నోట్లో పెట్టుకుని ఉన్నది. "మీ అందరితో ఒక సంగతి చెప్పాలి" అని గొంతు సవరించుకున్నది. "పోయిన ఆదివారం చర్చిలో ఫాదర్ అడిగారు. నేను పోతే పెట్టె మోయడానికి ఆరుగురు మగవాళ్ళు కావాలట, ఎవరున్నారని. మా వంశంలో ఆఖరిదాన్ని నేనే. ఇంటికెళ్ళి ఆలోచించాను. ఈ బల్ల దగ్గర మగవాళ్ళు సరిగ్గా ఆరుగురున్నారు కదా అనిపించింది. మీకభ్యంతరం లేకపోతే మీ పేర్లే ఇస్తాను."

ఎవరో దగ్గారు. రూలన్ నెత్తి మీది టోపీ తీసి రొమ్ముకు ఆనించుకున్నాడు. "అంతకన్నా గౌరవం ఏముంది విన్నీ? కానీ తొందరేం లేదు. ముందు సోమవారం పెద్ద బల్ల దగ్గర నువ్వు మమ్మల్నందర్నీ పాతిపెట్టాలిగా!"

ఈసారి నవ్వులు వచ్చాయి. వినిఫ్రెడ్ కూడా నవ్వింది. పెద్ద బల్ల అంటే భోజనాల గదికి ఎదురుగా ఉన్నది, పందేలు పదింతలు. నీ ఆట ఈ చిల్లర బల్ల స్థాయి దాటిపోయిందని రూలన్ నెలరోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాడు. ఈ ఏడుగురూ కూడా ఆవిడతోపాటు అక్కడికే మారతారట, తోడుగా.

"బ్యాంకులో చెప్పాను. శుక్రవారానికి ఇస్తామన్నారు" అన్నది వినిఫ్రెడ్. ఆ సొమ్ము ఆవిడ చివరి రోజులకూ అంత్యక్రియలకూ దాచినది. అది తప్ప ఇంకొకటి లేదు.

"బ్యాంకులో నిద్రపోయే బదులు నాలుగు రోజులు బల్ల మీద తిరిగొస్తుంది, దానికీ కాస్త గాలి తగుల్తుంది" అన్నది డెల్ఫీన్.

"టోష్, నువ్వు ఎడమవైపు ముందు పట్టుకో" అన్నది వినిఫ్రెడ్, శవపేటిక సంగతి ముగిస్తూ. "నా ఎడమ పక్కన ఉండటం నీకు అలవాటే కదా."

టోష్ తనకు పంచిన ముక్కలు తిప్పి చూడకుండానే బల్ల మీద పడేశాడు.

బస్సు వేళకు ఆవిడ లేచి అందరికీ సెలవు చెప్పింది. అందరూ వీడ్కోలు పలికారు, ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. కోట్లు తగిలించే చోట ఆవిడ ఒక చేతికి తొడుక్కుని రెండో చేతికోసం వెతుక్కుంటూండగా టోష్ వచ్చి కోటు పట్టుకున్నాడు.

"మిసెస్ డన్‌లీవీ, ఇప్పుడే బస్సెక్కొద్దు."

"ఎందుకని?"

"భోజనాల గదిలోకెళ్ళి అద్దాల గోడ పక్కన నిలబడండి. పంపకం ఒక్క చుట్టు తిరిగేదాకా మన బల్లని చూడండి. అంతే."

"అక్కడ నేను చూడాల్సిందేముంది? నువ్వే చెప్పు."

"నే చెబితే మీరు నమ్మరు. కోర్టు మనిషి మీరు, సాక్ష్యం కావాలంటారు."

"పెద్ద బల్ల దగ్గర నేను గెలుస్తానని కడుపుమంటా నీకు?"

టోష్ ఆ మాటకు తల దించుకోలేదు. "బస్టాపులో మీరు నాతో అన్నది గుర్తుందా? పెళ్ళి శుభలేఖలు పంచిన రోజు?"

వినిఫ్రెడ్ చెయ్యి కోటు చేతిలో సగంలో ఆగిపోయింది. అవతల బోర్డు దగ్గర ఫెర్రిస్ ఇటే చూస్తున్నాడు. ఫెర్రిస్ క్లబ్బు మేనేజరు. ఏ బల్లకు ఎవరు కాచుకున్నారో పొడి అక్షరాలతో, వినిఫ్రెడ్‌కైతే డబ్ల్యూ. డి. అని, నల్లబోర్డు మీద రాసి, మైకులో పిలవడం అతని పని. జీతగాడు ఒక ఆటగత్తెతో గుసగుసలాడటం అతను చూశాడు. అతను చూశాడని టోష్ చూశాడు. అయినా కోటు సర్ది తొడిగిన తరువాతే వెనుదిరిగాడు.

భోజనాల గదిలో పరిచారిక "చిక్కుళ్ళ సూపు ఇవ్వనా, పీచ్ ముక్కలు ఇవ్వనా?" అని అడిగింది. ఏమీ వద్దని వినిఫ్రెడ్ అద్దాల దగ్గర నిలబడింది.

తన కుర్చీ ఖాళీగా ఉన్నది. ముక్కల కట్ట రూలన్ చేతి నుంచి పక్కవాడి చేతికి, అక్కడి నుంచి ఇంకొకడి చేతికి మారుతున్నది. ఎవరూ ఆడటం లేదు. పంచుతున్నారు, పారేస్తున్నారు, కట్ట పక్కకు తోస్తున్నారు. మనసు ఇంకెక్కడో ఉన్నవాళ్ళు జపమాల తిప్పినట్టు. రూలన్ ఆవులించాడు. డెల్ఫీన్ చేతిసంచిలో ఏదో వెతుక్కుంటున్నది. కట్ట చుట్టు తిరిగి తిరిగి టోష్ చేతికి చేరింది. అతనొక్కడే నెమ్మదిగా పంచాడు. ఒక్కొక్క ముక్కా ఎవరో లెక్కపెడుతున్నారన్నట్టు పంచాడు.

ఆ చివరి ముక్కలు పారేయగానే టోష్ తప్ప మిగిలిన ఆరుగురూ ఒక్కసారిగా లేచారు. చర్చిలో ఫాదర్ లోపలికి రాగానే లేచినట్టు, ఎవరి పిలుపూ లేకుండా, ఒక్క ఊపున.

రూలన్ బోర్డు దగ్గరకు వచ్చాడు. తెరిచి ఉన్న తలుపులోంచి అతని గొంతు వినిఫ్రెడ్‌కు స్పష్టంగా వినిపించింది.

"రేపు డబ్ల్యూ. డి. రాగానే నాకు ఫోన్ కొట్టు ఫెర్రిస్. సోమవారం ఆవిడ ఎడమ పక్క కుర్చీ నాది. ఆ టోష్ గాడు ఏడాదంతా మేశాడు, చాలు."

న్యాయస్థానంలో ఎన్నో ఏళ్ళు నేరాలు విని రాసిన మనిషి వినిఫ్రెడ్. ఇప్పుడీ మనుషుల మీద మోపడానికి ఒక్క నేరం కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. వాళ్ళు ఆవిడ పెట్టిన శాసనాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. తప్పు ఎత్తిచూపలేదు. నవ్వలేదు. లేచి వెళ్ళాక ఒక చుట్టు ఆగారు. ఇంతకాలం ఎంతమంది ఈ తలుపు దాటి తల ఎత్తుకుని వెళ్ళారో, వెళ్ళి మర్నాడు మళ్ళీ వచ్చారో, వాళ్ళందరి వీపులూ ఆవిడకు గుర్తొచ్చాయి. పళ్ళ వైద్యుడి కోటు గుర్తొచ్చింది.

ఆవిడ తలుపు తోసుకుని బల్ల దగ్గరకు నడిచింది.

"విన్నీ!" అన్నది డెల్ఫీన్ గతుక్కుమని. "బస్సు తప్పిపోయిందా బంగారం? రా, రా, కూర్చో."

కుర్చీలు చప్పుడయ్యాయి. లేచినవాళ్ళు లేచినట్టే మళ్ళీ కూర్చున్నారు. బోర్డు దగ్గర నుంచి రూలన్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఒకడు అప్పుడే కట్ట కలపడం మొదలుపెట్టాడు. వాళ్ళు లేచిన దృశ్యం కన్నా ఈ కూర్చున్న దృశ్యమే ఆవిడను ఎక్కువ కోసింది.

వినిఫ్రెడ్ కూర్చోలేదు. "ఒక్క ప్రశ్న" అన్నది. "ఈ బల్ల మీద ఎవరైనా నన్ను ఆఖరిసారి వెక్కిరించింది ఎప్పుడు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నిన్నెందుకు వెక్కిరిస్తాం విన్నీ?" అన్నాడు రూలన్. "పెద్దదానివి..."

"నిరుడు కూడా పెద్దదాన్నే. నిరుడు నన్ను ముసలి గద్ద అన్నావు. రెండు జతలు పట్టుకుని నా మీద పందెం పెంచే ధైర్యం నీకు ఎన్నడూ లేదు రూలన్. ఇవాళ పెంచావు. నా చేతిలో ఏముందో నాకే తెలీదని నీకు తెలుసు."

రూలన్ మొహంలో తీపి ఇంకిపోయింది. అతను తిరిగి మాట్లాడినప్పుడు అది పాత రూలన్ గొంతు. "అయితే ఏంటి? మేం చేసిన తప్పేంటో చెప్పండి. మర్యాద తప్పామా? మీ ముందు లేచామా? ఇదంతా మీరు నేర్పిందేగా. ఇప్పుడు కోపమెందుకు?"

"కోపం అందుకే" అన్నది వినిఫ్రెడ్.

అందరి వైపూ తిరిగి, "నా పెట్టె సంగతి మర్చిపోండి" అన్నది. "మీరెవరూ మోయక్కర్లేదు. సోమవారం బ్యాంకు సొమ్ము కోసం కూడా కాచుకోకండి. అది నన్ను పాతిపెట్టడానికే ఉంటుంది, మీరన్నట్టు మిమ్మల్ని పాతిపెట్టడానికి కాదు."

డెల్ఫీన్ కళ్ళు తుడుచుకున్నది. ఆ కన్నీళ్ళు నిజమైనవో కావో వినిఫ్రెడ్ తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవలసిన అవసరం ఉన్నదనీ అనిపించలేదు. బోర్డు దగ్గరకు వెళ్ళి, రేపటి వరసలో అప్పుడే రాసి ఉన్న తన పొడి అక్షరాలను చేతిరుమాలుతో తుడిచింది.

"అది నా పని మిసెస్ డన్‌లీవీ" అన్నాడు ఫెర్రిస్.

"ఇన్నాళ్ళూ నీ పనే. ఇవాళ నాది."

ఫెర్రిస్ కళ్ళు ఆవిడ భుజం మీదుగా బల్ల వైపు పోయాయి. ఖాళీ అవుతున్న కుర్చీల మధ్య టోష్ ఒక్కడే కట్టను సర్ది పెట్టెలో పెడుతున్నాడు.

బస్టాపులో బెంచీ మీద వినిఫ్రెడ్ వీపు ఆనించకుండా కూర్చున్నది. ఎదుటి నర్సరీలో ఎవరో మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు. రేపు మధ్యాహ్నం ఏం చేయాలో ఆవిడకు తోచలేదు. రేపనే కాదు, ఏ మధ్యాహ్నమూ. ఇంతకాలం ఆ ఏడుగురినే లోకమనుకున్నది. ఆ లోకం ఉన్నదున్నట్టే ఉంది, ఆవిడ లేదు.

టోష్ వచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. క్లబ్బు జీతగాళ్ళు చొక్కాకు పెట్టుకునే పేరు బిళ్ళ లేదు. పిన్నీసు గుచ్చిన చోట గుడ్డ చిరిగి ఉన్నది.

"ఫెర్రిస్ తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు. ఊళ్ళో మిగతా క్లబ్బులకి కూడా చెప్తానన్నాడు. చెప్తాడు కూడా."

"ఎప్పట్నించి తెలుసు నీకు? నా సంగతి."

"ఈస్టర్ ముందు నుంచి."

"అప్పట్నించీ నా ఎడమ పక్కనే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"గెలిచావు."

"గెలిచాను. ఆ సొమ్ము..." అంటూ టోష్ జేబులో చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యి. ఆటలో గెలిచింది గెలిచినవాడిదే. నువ్వు నాకు బాకీ ఉన్నది డబ్బు కాదు, ఒక్క మాట. అది నువ్వింకా అనలేదు." వినిఫ్రెడ్ అతని వైపు తిరిగింది. "అద్దం వెనకాల నిలబెట్టి తప్పించుకున్నావు. నేను నీకు అద్దం చూపించలేదు టోష్. మొహం మీద చెప్పాను. ఎదురుగా నిలబడి, నువ్వేడుస్తున్నా చెప్పాను. ఆ మాట నాకు ఎంత ఖరీదయిందో నీకు తెలుసు. అందులో సగం తెచ్చి ఇస్తే నేను తీసుకోను."

దూరాన మలుపులో బస్సు కనిపించింది. టోష్ ఆవిడ ముందుకు వచ్చి నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు బకరా, మిసెస్ డన్‌లీవీ."

ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. "ఊఁ. ఇంకా."

"ఆటీనుకీ డైమనుకీ తేడా తెలియట్లేదు మీకు. ఎవరెన్ని ముక్కలు మార్చుకున్నారో మీ వంతొచ్చేసరికే మర్చిపోతున్నారు. జాకీల జత లేకుండానే పందెం మొదలెట్టారు చాలాసార్లు, మేమెవరం నోరెత్తలేదు. మళ్ళీ ఏ బల్ల దగ్గరా కూర్చోవద్దు. మీ ఆట అయిపోయింది." అతను చూపు ఆవిడ మొహం మీంచి తిప్పలేదు. "ఆ బల్ల మీద మీకు స్నేహితులు లేరు. నాతో సహా."

వినిఫ్రెడ్ ప్రతి మాటా విన్నది. న్యాయస్థానంలో తీర్పు చదువుతున్నప్పుడు కలం ఆపకుండా రాసినట్టే, ఒక్కటీ వదలకుండా విన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు, దాచనూ లేదు.

"అంతేనా?"

"అంతే, మదర్ సుపీరియర్."

ఆ పిలుపు విని ఆవిడ తల ఎత్తింది. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకున్నది. వినిఫ్రెడ్ లేచి, కుడిచేతి తొడుగు వేలు వేలుగా లాగి తీసి, ఒట్టి చెయ్యి అతనికి అందించింది. టోష్ పట్టుకున్నాడు.

"నీ బాకీ ముట్టింది టోష్" అన్నది. "పూర్తిగా ముట్టింది."